ఇండోనేషియా బొగ్గు ఎగుమతి ఆపితే గ్యాట్ ఉల్లంఘనేనా?

అలిపిరి_అడ్వకేట్: 2022 జనవరిలో ఇండోనేషియా ఉన్నట్టుండి బొగ్గు ఎగుమతి ఆపేసింది. కృష్ణపట్నంలో దిగే సరుకుతో నడిచే బాయిలర్లు మన వైపు ఉన్నాయి కాబట్టి ఈ చర్చ పెడుతున్నా. నా లెక్కలో అది చెల్లదు. గ్యాట్, అంటే సరుకుల వ్యాపారం మీద డబ్ల్యూటీఓ దేశాల ఒప్పందం. దాని 11వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం ఎగుమతి మీద సుంకం, పన్ను వేసుకోవచ్చు గానీ నిషేధం, కోటా పెట్టకూడదు. 2022 జులైలో మన కేంద్రం డీజిల్ ఎగుమతి మీద లీటరుకు 13 రూపాయలు, పెట్రోలు మీద 6 రూపాయలు వేసింది ఆ వెసులుబాటుతోనే.

చిత్తూరు_బాయిలర్: రెండో క్లాజు వదిలేస్తే ఎట్లా సామీ? అత్యవసర సరుకుకు తీవ్రమైన కొరత వస్తే తాత్కాలికంగా ఆపుకోవచ్చని అందులోనే ఉంది. వాళ్ల ప్రభుత్వ విద్యుత్ సంస్థ పీఎల్ఎన్ ప్లాంట్లలో నిల్వలు అడుగంటాయి. ఒక్క నెల ఆపితే తాత్కాలికం కాదా?

అలిపిరి_అడ్వకేట్: నెల మాట సరే. కొరత ఎందుకొచ్చిందో చూడండి. గనులు ఉత్పత్తిలో 25 శాతం స్వదేశంలోనే అమ్మాలి, కరెంటు ప్లాంట్లకైతే టన్ను 70 డాలర్లకు మించకూడదు. బయట ధర అప్పటికి దానికి రెట్టింపు దాటింది. ఎవరిస్తారు? బొగ్గుకు కరువు లేదు, ఆ ధరకు అమ్మేవాడికే కరువు. పైగా ఆ 25 శాతం ఏటా ఉండేదే. 2012లో చైనా ముడిసరుకుల ఎగుమతి ఆంక్షల కేసులో డబ్ల్యూటీఓలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ, రెండో క్లాజులోని ఈ మినహాయింపు కొంతకాలానికే వర్తిస్తుందని తేల్చింది. నిషేధం గట్టెక్కినా ఆ స్వదేశీ కోటా గట్టెక్కదు.

శ్రీకాళహస్తి_ఛార్టరింగ్: గెలిస్తే మాత్రం ఏమొస్తుందన్నా? డబ్ల్యూటీఓలో కేసు వేయాల్సింది దేశం, కంపెనీ కాదు. నికెల్ ఖనిజం కేసులో 2022 నవంబరులో యూరోపియన్ యూనియన్ ఇదే ఇండోనేషియా మీద ప్యానెల్ (మొదట కేసు వినే బృందం) దగ్గర గెలిచింది. ఇండోనేషియా అప్పీలుకెళ్లింది. 2019 డిసెంబరు నుంచి అప్పిలేట్ బాడీలో వినేవాళ్లే లేరు, తీర్పు అట్లే ఆగింది.

మనకు డబ్బు పోయేది ఓడ దగ్గర. ఎఫ్ఓబీలో, అంటే విక్రేత లోడింగ్ రేవులో ఓడకెక్కించి అప్పగించే పద్ధతిలో కొంటే, ఓడ మాట్లాడుకునేది మనం. ఎగుమతి అనుమతి తేవాల్సింది విక్రేతే, కానీ ఒప్పందంలోని ఫోర్స్ మెజూర్ (చేతిలో లేని అడ్డంకి వస్తే బాధ్యత తప్పించే) క్లాజులో 'ప్రభుత్వ నిషేధం' అని ఉంటే అతను తప్పుకుంటాడు. ఓడ అద్దె ఒప్పందమైన ఛార్టర్ పార్టీలో ఆ మాట లేకపోతే, లేటైమ్ (లోడింగుకు ఇచ్చిన గడువు) అయిపోయాక డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, రోజువారీగా మన నెత్తిన పడుతుంది. రెండు కాగితాల్లో ఒకే మాట ఉండేట్టు చూసుకోండి. ఎల్‌సీలో (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) ఆఖరి షిప్‌మెంట్ తేదీ దాటకముందే సవరణ అడగండి, దాటాక బ్యాంకు పత్రాలు తిప్పికొడుతుంది.

ఇంకోటి. అప్పట్లో స్వదేశీ కోటా నింపిన గనుల ఓడలనే ముందు వదిలారు. కాబట్టి కోటా నింపని గనికి ఫోర్స్ మెజూర్ వర్తించదని క్లాజులోనే రాయించుకోవాలి.

చిత్తూరు_బాయిలర్: విక్రేత ఒప్పుకుంటాడా?

శ్రీకాళహస్తి_ఛార్టరింగ్: గని సొంతదైతే ఒప్పుకుంటాడు. మధ్యలో ట్రేడర్ ఉంటే నసుగుతాడు, ఏ గని సరుకో అతనికే ఖాయంగా తెలియదు. అప్పుడు గని పేరు ఒప్పందంలో పెట్టమనండి, లేదా ఓడ, బీమా విక్రేతే చూసుకునే సీఐఎఫ్‌కు మారండి. ధర కొంచెం ఎక్కువే, డెమరేజ్ తలనొప్పి మాత్రం లోడింగ్ రేవు వరకు అతనిదే.