20 నెలల బాబుకి యూరియా క్రీమ్ రాశాను, భయంగా ఉంది

ప్రశ్న:
మాది ఆదిలాబాద్. ఈ చలికి బాబు బుగ్గలు, మోచేతి మడతలు ఎండిపోయి గరుకుగా అయ్యాయి. నిన్న రాత్రి లోషన్ అయిపోతే, మా అత్తమ్మ మడమల పగుళ్లకు వాడే క్రీమ్ కొంచెం బుగ్గలకు రాశాను. రాయగానే ఒకటే ఏడుపు, ముఖమంతా ఎర్రగా కందిపోయింది. వెంటనే కడిగేశాను. అరగంటకి తగ్గింది కానీ నాకు నిద్ర పట్టలేదు. ట్యూబు మీద యూరియా 10% అని ఉంది. పొలంలో చల్లే యూరియానేనా ఇది? వాడి లోషన్ మీద గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, పర్‌ఫ్యూమ్ అని ఉన్నాయి. అవైనా మంచివేనా?

జవాబు 1:
మందుల షాపులో ఫార్మసిస్టుని. భయపడకండి, వెంటనే కడిగి మంచి పని చేశారు. యూరియా మన చర్మంలో సహజంగానే ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది. కానీ 10% అంటే మందంగా ఉన్న మడమలకు సరిపోయేది. పగిలిన పసి చర్మం మీద మండుతుంది. డాక్టర్ చెబితే తప్ప బాబుకి వద్దు.

లోషన్‌లో కలిపిన గ్లిజరిన్‌తో ఇబ్బంది లేదు. సీసాలో దొరికే చిక్కటి గ్లిజరిన్ మాత్రం నేరుగా రాయకండి, ఈ పొడి గాలికి అది చర్మం లోపలి తేమనే లాగేస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ కొందరు పిల్లలకు మంట పుట్టిస్తుంది. నేనైతే ముందు పర్‌ఫ్యూమ్ ఉన్నది మానేయమంటాను.

వాసన లేని పెట్రోలియం జెల్లీ కొనండి. స్నానం కాగానే ఒళ్లు అద్ది, తడి పూర్తిగా ఆరకముందే పలచగా రాయండి. ఒక్క జాగ్రత్త: అది బట్టలకు అంటి ఉంటే నిప్పు తొందరగా అంటుకుంటుంది. చలిమంటకి, పొయ్యికి బాబుని దూరంగా ఉంచండి. మడతల్లో రసి కారితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

జవాబు 2:
మా పాపకి ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు ఉందండి. విదేశాల నుంచి ఎవరో తెచ్చారని నెల రోజులు ఆలివ్ నూనె రాశాను, ఇంకా పొడిబారింది. అందులోని ఒలేయిక్ ఆమ్లం చర్మపు పై పొరను దెబ్బతీస్తుందని మా డాక్టరమ్మ చెప్పాకే మానేశాను. శనగపిండితో రుద్దడం కూడా ఆపేశాం. కొబ్బరినూనె మాత్రం తనకి పడింది.

ప్రశ్న అడిగినావిడ:
చాలా థాంక్స్ అండీ, పెట్రోలియం జెల్లీ తెప్పించాను. చలిమంట సంగతి నాకు తట్టనే లేదు. మా మామయ్య రోజూ పొద్దున్నే బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని మంట దగ్గరే కూర్చుంటారు. ఇప్పుడే చెప్పాను, రేపటి నుంచి బాబుని లోపల కిటికీ ఎండలో ఆడిస్తానన్నారు.