అద్దాల గదికి తెర లోపలా, బయటా?

గోపి_ఇల్లు: ఇంటికి ఆనుకుని అద్దాల గది కట్టించాం, పైకప్పు కూడా అద్దమే. మధ్యాహ్నమైతే అందులో కూర్చోలేకపోతున్నాం. లోపల మందపాటి కర్టెన్లు వేద్దామంటుంది మా ఆవిడ, నాకేమో బయట నీడ పెడితే మంచిదనిపిస్తోంది.

రేకులషెడ్డు: బయటే, ఇందులో చర్చేముంది? అద్దం ఎండను లోపలికి రానిస్తుంది గానీ, ఆ ఎండకి కాగిన కర్టెన్, సోఫా, నేల వదిలే వేడిని నేరుగా బయటికి పోనివ్వదు. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు 1000 వాట్ల దాకా ఉంటుంది. మీ పైకప్పు ఎన్ని మీటర్లో లెక్కేసుకోండి.

సుజలం: తెల్ల లైనింగ్ ఉన్న కర్టెన్ కొంత ఎండని తిప్పి కొడుతుంది కదండీ. అస్సలు పనికిరాదంటే ఎలా?

రేకులషెడ్డు: పనికిరాదని నేనెక్కడన్నాను? బయటి తెరతో పోలిస్తే చాలా తక్కువ, అంతే.

కిటికీపక్క: అద్దానికి ఎండ తగ్గించే ఫిల్మ్ అంటించేయండి, గొడవ వదిలిపోతుంది.

సుజలం: ఫిల్మ్ మాటెత్తకండి. మాది డబుల్ గ్లేజింగ్, అంటే మధ్యలో ఖాళీ ఉండే రెండు పొరల అద్దం. అంటించినవాడు అద్దం ఏ రకమో కూడా అడగలేదు. ఫ్రేము అంచు దగ్గర గోరంత గీత కనపడింది, తర్వాత అద్దం ఆ చివరి దాకా పగిలింది. ఎండ పడే చోటు బాగా కాగి, ఫ్రేములో ఉన్న అంచు చల్లగా ఉంటే అలా అవుతుందట. అడిగితే మీ అద్దమే నాసిరకం అన్నాడు!

రేకులషెడ్డు: దానికీ బయటి నీడకీ సంబంధమేంటండీ? ఎవరో మిమ్మల్ని ముంచితే ఆ కోపం నా మీదా?

సుజలం: కోపం కాదు. మా అత్తగారు మంచం పట్టారు, ఆ గదిలోనే ఉంటారు. పైన షట్టర్ దించేస్తే ఆవిడ దేన్ని చూడాలి?

రేకులషెడ్డు: ఈ మాట ముందే చెప్పాల్సింది. పక్క అద్దాలు వదిలేసి పైకప్పుకి మాత్రం వేయించండి, చెట్లు కనిపిస్తాయి.

సుజలం: పడుకున్న మనిషికి కనిపించేది పైకప్పేనండీ.

రేకులషెడ్డు: అలాగైతే చుట్టి పెట్టుకునే తెర వేయించి, ఎండ ముదిరాక దించండి. కింద ఒక కిటికీ, పైన ఒక వెంటిలేటర్ తెరిస్తే వేడిగాలి పైకి పోతుంది. కానీ మధ్యాహ్నం ఆవిడ మంచం మాత్రం అక్కడ వద్దు. గాలి చల్లగా ఉందనిపించినా కాగిన అద్దం సెగ ఒంటికి తగులుతూనే ఉంటుంది, పెద్దవాళ్లు తట్టుకోలేరు.

సుజలం: ఎక్కడుండాలో ఆవిడ చెప్పాలి, మీరు కాదు.

గోపి_ఇల్లు: మా గది పడమటి ముఖం. పైన తెర ఒక్కటీ చాలుతుందా?

రేకులషెడ్డు: చాలదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పక్క అద్దంలోంచి దూరుతుంది. దానికి నిలువు తెర వేరే కావాలి, అదీ బయటే.