ఇంటర్వ్యూ సూటుకి ప్యాంటు పొడవు: బూటు మీద పడాలా, పైనే ఆగాలా?

గుంటూరు_మిర్చి:
వచ్చే నెల ఢిల్లీ ధోల్‌పూర్ హౌస్‌లో నాకు యూపీఎస్‌సీ పర్సనాలిటీ టెస్ట్, అదే సివిల్స్ ఇంటర్వ్యూ. 275 మార్కుల పరీక్ష పెట్టుకుని ప్యాంటు గురించి అడుగుతున్నాడేంటని నవ్వకండి. నేవీ బ్లూ సూట్ కుట్టించాను. ట్రయల్‌కి వెళ్తే టైలర్ ప్యాంటుని చీలమండ దగ్గరే ఆపేశాడు. "ఇప్పుడంతా ఇదే సార్" అంటాడు. నాన్నగారు చూసి "కృష్ణ దాటడానికి మడిచావా?" అన్నారు. రూమ్మేటేమో బూటు మీద పడితే అంకుల్‌లా ఉంటావంటున్నాడు. బాటమ్, అంటే కాలి అంచు చుట్టుకొలత, 14 అంగుళాలు. లోపల రెండంగుళాల గుడ్డ వదిలాడు కాబట్టి దించే వీలుంది. దించమంటారా?

రిటైర్డ్_బ్యాంకర్:
దించించు బాబూ, ఆలోచించకు. బ్యాంకు ఆఫీసర్ల ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కొన్నేళ్లు కూర్చున్నాను. ప్యాంటు కాస్త పొడవైతే ఎవరి కంటికీ ఆనదు. పొట్టిదైతే తలుపు నుంచి కుర్చీ దాకా వచ్చేలోపే కనబడుతుంది. దానికి మార్కులు కోస్తామని కాదు. కానీ బల్లకి అవతల ఉన్నవాళ్లు మా వయసు వాళ్లు. ఆఫీసుకి రావాల్సిన బట్టలేమిటో వాళ్ల మనసులో ఎప్పుడో స్థిరపడిపోయి ఉంటుంది. బూటు పైభాగం మీద ఒక మడత పడాలి, వెనక అంచు మడమ దాకా రావాలి.

అశోక్‌నగర్_అన్న:
సార్, మీ మాట కాదనను గానీ 14 బాటమ్‌ని అట్ల దించితే ఏమైతదో చూసిన్రా? సన్న బాటమ్ బూటు మీద పరుచుకోదు. పైన్నే ఆగి మూడు నాలుగు ముడతలు పడి కుప్ప అయితది. నిలబడితే అన్న ప్యాంటు తమ్ముడు తొడుక్కున్నట్టు కొడ్తది. తమ్మీ, పొడవు ఒక్కటే చూడకు, బాటమ్ గూడ చూడు. గంత సన్నగుంటే బూటుని అట్ల తాకీ తాకనట్టు ఆపెయ్. ఒక మడత పడాల్నంటే 16 దాకా ఉండాలె.

తెనాలి_టు_లండన్:
అన్న చెప్పింది కరెక్టే. ఇక్కడ బ్యాంకుల్లో పాతతరం మేనేజర్లు చిన్న మడతతోనే వేస్తారు, టెక్ కంపెనీల కుర్రాళ్లు అసలు మడతే లేకుండా వేస్తారు. మీరు వెళ్లేది మొదటి రకం చోటుకి. ఇంకోటి, నిలబడి అద్దంలో చూసుకుంటే సగమే తెలుస్తుంది. కూర్చుంటే ప్యాంటు రెండు మూడంగుళాలు పైకి పోతుంది. పొట్టి సాక్సులైతే కాలి వెంట్రుకలతో సహా దర్శనం. పిక్క సగం దాకా వచ్చే ముదురు రంగు సాక్సులు కొనండి.

కుచ్చిళ్ల_కష్టాలు:
ఇంత రాద్ధాంతమా! నేనూ ఆ బోర్డు ముందు కూర్చుని వచ్చినదాన్నే. ఛైర్‌పర్సన్‌తో కలిపి ఐదుగురు, సుమారు అరగంట, మధ్యలో పెద్ద బల్ల. నడుము కిందది ఎవరికి కనబడింది? ఆ అరగంటా నా చేనేత చీర గురించి అడగలేదు, నేను డీఏఎఫ్‌లో (వివరాల దరఖాస్తు ఫారంలో) రాసుకున్న హాబీ గురించే తవ్వారు. ప్యాంటు మీద పెట్టే శ్రద్ధ దాని మీద పెట్టండి. నేను పాటించిన జాగ్రత్త ఒక్కటే. ఆ రోజు వేసుకోబోయే చెప్పులు తొడుక్కునే కుచ్చిళ్లకి పిన్ను పెట్టుకున్నాను.

రిటైర్డ్_బ్యాంకర్:
బల్ల ఉంటుందమ్మా, ఒప్పుకుంటాను. కానీ లోపలికి రావడం, నమస్కారం పెట్టడం, కూర్చోమనేదాకా నిలబడటం, ఇవన్నీ బల్ల లేకుండానే జరుగుతాయి కదా. ఇంకో సంగతి కూడా ఉంది. ప్యాంటు పొట్టిదని తెలిసినవాడు కుర్చీలో కూర్చున్నా దాన్ని కిందికి లాక్కుంటూనే ఉంటాడు. అది మాత్రం మాకు కనబడుతుంది.

కత్తెర_వారసుడు:
మాది టైలరింగ్ కుటుంబం. అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు: ట్రయల్‌కి ఏం తొడుక్కుని వెళ్లావు తమ్ముడూ? చెప్పులతో కొలతిస్తే లెక్క తప్పినట్టే. లేసులున్న మామూలు ఫార్మల్ బూటుకి మడమ దాదాపు అంగుళం ఉంటుంది. ప్యాంటు ఎక్కడ కడతావన్నది ఇంకో పేచీ. షాపులో బొడ్డు దాకా లాగి కొలతిచ్చి, బయట తుంటి మీదకి జార్చి కట్టేవాళ్లే ఎక్కువ. అంగుళంన్నర తేడా అక్కడే వచ్చేస్తుంది. అదే బూటు, అదే బెల్టు, చొక్కా లోపలికి దోపుకుని మళ్లీ వెళ్లు.

బాటమ్ 15 చేయొచ్చేమో అడుగు. పక్క కుట్లలో గుడ్డ వదిలి ఉంటే అవుతుంది. తర్వాత అంగుళం దించు, అంతకు మించొద్దు. అంచుని ముందుకంటే వెనక అరంగుళం కిందికి వాలుగా కోయమను. అప్పుడు ముందు ముడతలు పడవు, వెనక మడమ కప్పుకుంటుంది. అంచు కుట్టు చేత్తోనే వేయించు. మెషీన్ కుట్టు బయటికి గీతలా కనబడితే జీన్స్ చూసినట్టే ఉంటుంది.

గుంటూరు_మిర్చి:
నిజమే, ట్రయల్‌కి శాండిల్స్‌తో వెళ్లాను. 😬 దించితే పాత మడత గీత కనబడదా? బట్ట టెర్రీ ఊల్.

కత్తెర_వారసుడు:
కొత్త బట్టే కదా, తడిగుడ్డ వేసి ఆవిరి ఇస్త్రీ చేస్తే పోతుంది. నేరుగా ఇస్త్రీపెట్టె పెట్టనివ్వకు, నిగనిగ మెరుపు వస్తే ఇక పోదు.

అశోక్‌నగర్_అన్న:
15 బాటమ్, అంగుళం దించుడు అంటే నాకు గూడ ఓకే. అంతకన్న దించితే మాత్రం నేనొప్పుకోను సార్, మీరెంత చెప్పినా.

రిటైర్డ్_బ్యాంకర్:
అంగుళంన్నర.

కుచ్చిళ్ల_కష్టాలు:
మిర్చి గారూ, ఈ అరంగుళం పంచాయితీ తేలేదాకా ఆగకండి. ఆ సూటూ బూటూ వేసుకునే మాక్ ఇంటర్వ్యూకి వెళ్లండి. డీఏఎఫ్‌లో హాబీ ఏం రాశారో ఇక్కడ పెట్టండి, నేను ప్రశ్నలు వేస్తాను.