మినుము చేలల్లో బోడసరం: గట్ల మీద కూడా లేకుండా చేయాలా?

తెనాలి మాగాణి రైతు:
మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలిచి ఉన్న పైరులో మినుములు చల్లుతాము. సాళ్లు ఉండవు కనుక అంతరకృషికి వీలు లేదు; కలుపును కూలీలతో పీకించాలి, లేదా మందు కొట్టాలి. చేలోకి బోడసరం అనే కలుపు మొక్క విత్తనం గట్టు మీద నుంచే వస్తోంది కాబట్టి ఈ ఏడాది గట్లకూ గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టించి బోడసరాన్ని సమూలంగా తీసేయాలని అనుకుంటున్నాము. వద్దనేవారు కారణం చెప్పాలి.

గుంటూరు వృక్షశాస్త్ర అధ్యాపకురాలు:
అయ్యా, చేలో మొలిచినదాన్ని పూతకు రాకముందే తీసివేయడం న్యాయమే. కోత తరువాత నేలలో మిగిలిన తేమతోనే మినుము పండాలి, అందులో వాటాకు వచ్చే మొక్కను ఉంచుకోమని ఎవరూ అనరు. గట్ల విషయంలో మాత్రం నేను మీతో ఏకీభవించలేను. బోడసరం చామంతి కుటుంబానిది; ఆ కుటుంబపు మొక్కలన్నీ గాలికి విత్తనాలు ఎగరవేస్తాయని చాలామంది నమ్ముతారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన గడ్డిచామంతి విషయంలో అది నిజం, దాని గింజకు నూగు కుచ్చు ఉంటుంది. బోడసరం గింజకు ఆ కుచ్చు లేదు. దాని ఊదారంగు ఉండను ఒకసారి వేళ్లతో విప్పి చూడండి: అది ఒక్క పువ్వు కాదు, ఎన్నో చిన్న పూగుత్తులు ఒకదానికొకటి ఒత్తుకొని ఉంటాయి, ఎండిన తరువాత వాటి నుంచి రాలే గింజలు బోడివి కనుక గాలికి దూరం పోలేవు. పైగా ఇది ఏకవార్షికం, గడ్డ నుంచి మళ్లీ చిగురించేది కాదు. వరుసగా కొన్నేళ్లు గింజ కట్టనివ్వకపోతే ఆ గట్టు మీద దాని కథ ముగుస్తుంది, ఖాళీ అయిన నేలలోకి వయ్యారిభామ దిగుతుంది. ఒక్కొక్క మొక్కకు వేలకొద్దీ గింజలు రాల్చే ఆ పరదేశపు మొక్కను వదిలించుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయుర్వేదంలో ముండి అనే మూలిక బోడసరమే. అయినా మందుకు పనికివస్తుందని కాదు, ఈ నేలలో పుట్టిన మొక్క అని దాన్ని బతకనివ్వమంటున్నాను. ఇక గ్లైఫోసేట్ విషయానికి వస్తే, దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.

తెనాలి మాగాణి రైతు:
గాలి సంగతి ఒప్పుకుంటాను, మరి నీటి మాటేమిటమ్మా? కాలువలు వదిలాక గట్టు మీద గింజలు చేలోకి కొట్టుకురావా?

గుంటూరు వృక్షశాస్త్ర అధ్యాపకురాలు:
వస్తాయి. అందుకే చేను వైపు వాలును పూతకు ముందే కొడవలితో కోయించి, బండ్లు పోయే డొంక వైపు వాలును వదలమని అడుగుతున్నాను.

తెనాలి మాగాణి రైతు:
రెండు చేల మధ్య గట్లు సన్ననివి, వాటికి రెండు వైపులా చేనే కనుక అక్కడ మిగల్చలేను. డొంక గట్టు మీద ఈసారి మందు కొట్టించను. వేసవిలో అక్కడ ఏం మొలిచిందో చూసి ఇక్కడే రాస్తాను.