కార్బన్ చక్రాలకు ఏ బ్రేక్ ప్యాడ్లు వేయాలి? సుంకి ఘాటీ దిగాలి

జయపురం సైకిలు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశా జయపురం, మందుల షాపు. ఆదివారం తెల్లవారుజామున కొరాపుట్ దాకా ఎక్కి, అక్కడో టీ తాగి, షాపు తీసే టైముకి దిగిపోతుంటాను. నాలుగేళ్ళుగా ఇదే అలవాటు.

మొన్న దసరాకి ఆశపడి సెకండ్ హ్యాండ్‌లో కార్బన్ చక్రాలు కొన్నాను. రిమ్ము 50 మిల్లీమీటర్ల లోతు, క్లించర్లు (లోపల ట్యూబు పెట్టే రకం), రిమ్ బ్రేకువి (ప్యాడ్లు రిమ్మునే పట్టి ఆపేవి). స్టిక్కర్లు పీకేసి ఉన్నాయి కాబట్టి ఏ కంపెనీవో తెలీదు. ఏ ప్యాడ్లు వేయాలని అడిగితే, అమ్మినాయన "ఏవైనా పర్లేదండీ" అన్నాడు. రోజూ మందుల చీటీ రెండుసార్లు చదివి గాని మాత్ర ఇవ్వని నేను ఆ మాట నమ్మేశాను. అల్లాయ్ (అల్యూమినియం) చక్రాలకి వాడిన నల్ల రబ్బరు ప్యాడ్లే వదిలేశాను.

పోయిన వారం సాలూరు అత్తవారింటికి బయల్దేరాను. పొట్టంగి దాటి సుంకి ఘాటీలో దిగుతుంటే ముందు లోడు లారీ. దాటే వీలు లేదు. దాని వెనకాలే బ్రేకు నొక్కి పట్టుకుని దిగాను. నాలుగు మలుపులయ్యేసరికి కీచుమని మోత, కాలిన వాసన. లారీ లైనర్లు కాలుతున్నాయనుకున్నాను. తర్వాత లారీ ముందుకెళ్ళిపోయింది, వాసన మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

నేను 84 కిలోలు. సైకిలు, నీళ్ళ సీసాలు, బ్యాగు కలిపితే 95. ఏ ప్యాడ్లు కొనాలి? వానల్లో కూడా ఆగుతాయా? అల్లాయ్ చక్రాలకీ అవే వాడుకోవచ్చా?

రాయగడ రోడ్డు:

స్విస్‌స్టాప్ వాళ్ళ ఎల్లో కింగ్ గాని, బ్లాక్ ప్రిన్స్ గాని చూడండి. రెండూ కార్బన్‌కే చేసినవి. నేను పసుపువి రెండేళ్ళు వాడాను, ఇప్పుడు నల్లవి. నా చేతికి నల్లవే నెమ్మదిగా, నమ్మకంగా పట్టుకున్నట్టుంటాయి. కొనేముందు మీ ప్యాడ్ హోల్డర్ షిమానో రకమా, కాంపగ్నోలో రకమా చూసుకోండి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. కార్క్ ప్యాడ్లని ఎవరైనా అంటగడితే వద్దనండి. రిమ్ముకి మంచివే గాని, మన జులై వానలో నొక్కాక ఆగేలోపు ఒక పాట పాడుకోవచ్చు.

అల్లాయ్‌కీ అవే వాడాలనే ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకోండి. అల్లాయ్ మీద అరిగిన ప్యాడ్లో అల్యూమినియం పొడి, చిన్న చిన్న ముక్కలు దిగబడతాయి. అవి కార్బన్‌ని ఆకురాయిలా గీరేస్తాయి.

బరంపురం 2 చక్రాలు:

డిస్క్ బ్రేకు బండి కొనుక్కోండి, గొడవ వదిలిపోతుంది.

సునాబెడ ఫిట్టర్:

పై సలహాకి ఖర్చు ఎవరు పెడతారో కూడా రాయాల్సింది!

అన్నా, ప్యాడ్ల సంగతి తర్వాత. ముందు ఆ చక్రాలు బాగున్నాయో లేదో చూడు. 95 కిలోల బరువు 100 మీటర్ల ఎత్తు దిగితే, ఆ శక్తంతా బ్రేకులోనే పోతే, సుమారు 93 కిలోజౌళ్ళ వేడి. 300 మిల్లీలీటర్ల నీళ్ళు మరిగించడానికి అది చాలు. మామూలుగా స్పీడు మీద దిగితే ఇందులో చాలా భాగం గాలి లాగేసుకుంటుంది. లారీ వెనక మెల్లగా దిగావు కాబట్టి గాలి వాటా తక్కువ, దాదాపు అంతా రిమ్ముకే. అల్యూమినియం అయితే ఆ వేడిని చుట్టూ పంచి చల్లారుతుంది. కార్బన్‌లో వేడి తొందరగా పాకదు, ప్యాడు రాసుకున్న చోటే ఉండిపోతుంది. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచేది రెసిన్. దాని హద్దు దాటి వేడెక్కితే మెత్తబడుతుంది. లోపల ట్యూబు గాలి అంచుల్ని బయటికి తోస్తూనే ఉంటుంది. అలా ఒకసారి ఉబ్బిన అంచు మళ్ళీ వెనక్కి రాదు.

ఒక్కోసారి ఉబ్బు కంటికి కనపడదు. చక్రం తిప్పుతూ బ్రేకు కాస్త తగిలించు, ఒకే చోట లివర్ వేలిని తోస్తే అనుమానించు. ఆ ప్యాడ్లు ఊడదీసి వెలుతురులో పట్టి చూడు.

జయపురం సైకిలు:

చూశాను తమ్ముడూ. వెనక కుడి ప్యాడ్లో పొలుసులా ఏదో మెరిసింది. పిన్నీసుతో పెకిలిస్తే చిన్న అల్యూమినియం రేకు, ఆవగింజలో సగం ఉంటుంది. కింద ఇంకా రెండున్నాయి. రిమ్ము మీద గోరు అడ్డంగా లాగితే అవి గీరిన గీత తగులుతోంది. లివర్ కూడా వెనక చక్రానికి ఒక చోట తోస్తోంది. ఈ చక్రాల మీద పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చానని ఇంట్లో ఇంకా చెప్పలేదు.

సునాబెడ ఫిట్టర్:

బస్సెక్కించి పట్రా, వెర్నియర్‌తో రిమ్ము మందం కొలుద్దాం. అప్పటిదాకా తొక్కకు.

జయపురం సైకిలు:

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను. తమ్ముడి దగ్గర రెండు చక్రాలనీ పన్నెండేసి చోట్ల కొలిచాం. ముందుది అంతటా సమానంగానే ఉంది. వెనకది వాల్వుకి ఎదురు వైపు 0.7 మిల్లీమీటర్లు లావెక్కింది. అది పోయినట్టే.

ముందు చక్రానికి బ్లాక్ ప్రిన్స్ వేశాను. రిమ్ముని స్పిరిట్‌తో తుడిచి, తర్వాత బిగించాం. ప్యాడ్ హోల్డర్ మూసి ఉన్న కొస ముందుకి రావాలని మొన్నటిదాకా నాకు తెలీదు. తిరగేసి పెడితే బ్రేకు నొక్కినప్పుడు ప్యాడు జారి బయటికొచ్చేస్తుందట. ప్యాడు ముందు కొస వెనక కొస కన్నా ఒక విజిటింగ్ కార్డు మందం రిమ్ముకి దగ్గరగా ఉండేలా బిగిస్తే కీచుమనడం కూడా ఆగింది. బోరిగుమ్మ వైపు చదునుగా ఉన్న రోడ్డు మీద ముందు కార్బన్, వెనక అల్లాయ్ వేసుకుని తిరుగుతున్నాను. చూసినవాళ్ళు నవ్వుతున్నారు, నవ్వనీ. రెండు బ్రేకులకీ వేర్వేరు ప్యాడ్లే.

సుంకికి మాత్రం రెండూ అల్లాయ్ చక్రాలే. నొక్కి పట్టుకోవడం మానేసి, మలుపు ముందు గట్టిగా పట్టి వదిలేస్తున్నాను. లారీ అడ్డమొస్తే ఒక పక్కకి ఆగిపోతున్నాను.

రాయగడ రోడ్డు:

మంచి పని చేశారు. ముందు చక్రంలో లేటెక్స్ ట్యూబు మాత్రం వేయకండి. కార్బన్ క్లించర్లలో చాలామంది తయారీదార్లు వద్దంటారు, వేడికి తట్టుకోదు. కంపెనీ పేరు తెలిసిన రిమ్ము కొంటే వాళ్ళు చెప్పిన ప్యాడే వేయండి, లేకపోతే వారంటీ ఇవ్వరు.

జయపురం సైకిలు:

మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబే ఉందండీ. పోతే, వెనక చక్రం సగం ధరకైనా అమ్మేయమని మా బావమరిది సలహా. నాకు అమ్మినాయన కూడా ఇలాగే అనుకుని ఉంటాడు. రంపంతో మూడు ముక్కలు చేసి పడేస్తాను.

సునాబెడ ఫిట్టర్:

కోసేటప్పుడు మాస్కు కట్టుకో అన్నా, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. హబ్బు, ఊచలు ఊడదీసి నాకు పంపించు.