14,500 పౌండ్ల ఫిఫ్త్ వీల్‌కు ముప్పావు టన్ను ట్రక్కు చాలదా? వెనక జంట చక్రాలు తప్పవా?

ఉత్తర డాలస్ నివాసి

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో అమ్మ, నాన్న విజయవాడ నుంచి వస్తున్నారు. మా ఆవిడ, పాపతో కలిపి మొత్తం ఐదుగురం ఎల్లోస్టోన్ జాతీయ పార్కు దాకా వెళ్ళి రావాలని ఆశ. అమ్మకు హోటల్ తిండి పడదు, నాన్న పెద్దగా నడవలేరు. అందుకే వంటగది, రెండు పడకగదులు ఉన్న ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (ట్రక్కు తొట్టిలో బిగించిన కొక్కేనికి తగిలించి లాగేది) ఒకటి చూసి బయానా ఇచ్చాం. పొడవు 36 అడుగులు. సామాను నింపాక ఉండదగ్గ గరిష్ఠ బరువు 14,500 పౌండ్లు.

ట్రక్కు నా దగ్గర ఉంది. ముప్పావు టన్ను (అది తరగతి పేరే, మోసే బరువు కాదు), డీజిల్, నాలుగు తలుపులు, ఆరున్నర అడుగుల తొట్టి. లాగే సామర్థ్యం 15,000 పౌండ్లకు పైనే అని కంపెనీ పుస్తకంలో ఉంది. ట్రైలర్ అమ్మే దుకాణంలోనూ “హాయిగా లాగుతుంది” అన్నారు. మా ఆఫీసులో ఒకాయన మాత్రం ఒక టన్ను ట్రక్కు, అదీ వెనక నాలుగు చక్రాలున్న డ్యూయలీ అయితేనే వెళ్ళండి, లేకపోతే మానుకోండి అంటున్నారు. ట్రక్కు మార్చడమంటే చిన్న ఖర్చు కాదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఆరు చక్రాల బండి

మీ ఆఫీసు ఆయన చెప్పిందే సరైన మాట. మీ ట్రక్కు ఆ ట్రైలర్‌ను లాగుతుందా అని అడిగితే లాగుతుంది. మోయగలదా అని అడగండి. ఫిఫ్త్ వీల్ బరువులో సుమారు ఐదో వంతు ట్రక్కు తొట్టిలో, సరిగ్గా వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. 14,500లో ఐదో వంతు 2,900 పౌండ్లు. డ్రైవర్ తలుపు తెరిచి చట్రం మీద అంటించిన పసుపు, తెలుపు చీటీ చూడండి. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఇక్కడ రాయండి, మాట్లాడుకుందాం.

పుస్తకంలో ఉన్న 15,000 ఎలా వచ్చిందో కూడా తెలుసుకోండి. వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జె2807 అనే పరీక్షా ప్రమాణం ఒకటి ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11.4 మైళ్ళ ఎత్తుదారిని, మండే ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలి. జంట చక్రాల బండికైతే 35 మైళ్ళు. మంచి పరీక్షే, కాదనను. అయితే ఆ లెక్కలో బండిలో కూర్చునేది చెరో 150 పౌండ్ల మనుషులు ఇద్దరే. మీరు ఐదుగురు.

తుంగభద్ర తీరం

ఎడ్లబండి తోలిన ఇంట్లో పుట్టినవారికి ఇది కొత్త సంగతి కాదు. మా నాన్నగారు వేరుసెనగ బస్తాలు వేసేటప్పుడు ప్రతి నాలుగు బస్తాలకూ ఒకసారి కాడి పైకెత్తి చూసేవారు. సరుకు ముందుకు పడితే ముందుబరువై ఎడ్ల మెడలు కాయలు కాస్తాయి. వెనక్కు పడితే కాడి పైకి లేచి పట్టెడ గొంతుకు బిగుస్తుంది. బండిలో ఎన్ని బస్తాలున్నాయన్నది ఒక లెక్క, ఎడ్ల మెడ మీద ఎంత పడిందన్నది మరో లెక్క. ట్రక్కులో ఆ కాడి బరువే పిన్ బరువు. మామూలు ట్రైలర్‌ను వెనక బంపరు కింద తగిలిస్తే మొత్తంలో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ట్రక్కు మీద పడుతుంది. ఫిఫ్త్ వీల్‌లో ఇరవై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అది వెనక ఇరుసు మీద పడుతుంది కనుకనే ట్రైలర్ ఊగదు, నిలకడగా వస్తుంది. ఆ నిలకడకు వెల ఈ బరువు.

కొలరాడో బాటసారి

డ్యూయలీ తప్ప గతి లేదనడం అన్యాయం. నేను ఒక టన్ను ట్రక్కు, వెనక రెండే చక్రాలది, ఎనిమిదడుగుల తొట్టి, డీజిల్, ఐదేళ్ళుగా వాడుతున్నాను. ట్రైలర్ గరిష్ఠ బరువు 13,800. మొన్న అక్టోబరులో హైవే పక్క కాటా మీద తూకం వేయించాను. చీటీ నా ముందే ఉంది.

ట్రైలర్‌తో: ముందు ఇరుసు 5,120, వెనక ఇరుసు 6,740, ట్రైలర్ ఇరుసులు 10,560.
ట్రైలర్ విప్పి, ట్రక్కు ఒక్కటే: 9,260.

ట్రైలర్‌తో ఉన్నప్పుడు ట్రక్కు మీద 11,860, విడిగా 9,260. తేడా 2,600, అదే నా పిన్ బరువు. ట్రక్కుకు అనుమతించిన మొత్తం 12,200. ఇంకా 340 పౌండ్లు మిగిలాయి. వెనక ఇరుసు, టైర్లు కూడా పరిమితిలోనే ఉన్నాయి. ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాకా, అంటే 11,158 అడుగుల ఎత్తుకు, ఎన్నోసార్లు వెళ్ళాను. దిగేటప్పుడు ఏడు శాతం వాలు. ఇంజినుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ వేస్తే కాలు బ్రేకు మీద పెట్టే అవసరమే అరుదు.

డ్యూయలీ వెనక భాగం వెడల్పు దాదాపు ఎనిమిది అడుగులు. ఆరు టైర్లు కొనాలి. లోపలి టైరులో గాలి చూడాలంటే మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి దూర్చాలి. ఖాళీగా ఉన్నప్పుడు మంచులో జారుతుంది. ఏడాదికి నలభై రోజుల ప్రయాణం కోసం మిగతా మూడు వందల పైచిలుకు రోజులు అవస్థ పడాలా?

ఆరు చక్రాల బండి

బాటసారి గారూ, మీరు చీటీతో సహా చూపించారు, చాలా మంది కాకి లెక్కలే చెబుతారు. అందుకు గౌరవం. కానీ 340 పౌండ్లు ఎంతసేపు? మంచినీళ్ళ ట్యాంకు 60 గాలన్లు నింపితే 500 పౌండ్లు. అదంతా పిన్ మీద పడదు, ఒప్పుకుంటాను. ముందు అరలో పెట్టే జనరేటరు, బ్యాటరీలు, గ్యాసు బండలు మాత్రం చాలావరకు పిన్ మీదే పడతాయి. దుకాణంవారు ఇచ్చే కాగితంలోని పిన్ బరువు ఖాళీ ట్రైలర్‌ది.

నా సంగతి చెబుతాను. మూడేళ్ళ క్రితం అమరిల్లో దాటాక, పక్కగాలి గట్టిగా కొడుతోంది. వెనక ఎడమ వైపు లోపలి టైరు పేలింది. నాకు వినిపించింది ఒక దబ్బుమనే మోత, అంతే. స్టీరింగు కదల్లేదు. పక్కకు తీసి దిగి చూస్తే రబ్బరు పేలికలు బురద పలకను చీల్చి వేలాడుతున్నాయి, ఉక్కు తీగలు ముళ్ళలా బయటికొచ్చాయి, కాలిన వాసన. బయటి చక్రం బరువంతా మోస్తూ నిలబడి ఉంది. వెనక సీట్లో పిల్లలు నిద్ర లేవలేదు. ఆ ఒక్క నిమిషం కోసం పార్కింగు కష్టం ఎంతైనా భరిస్తాను.

పాత స్టీరింగు

ఇంత భయం అవసరం లేదు. చాలా కంపెనీల ముప్పావు టన్ను ట్రక్కుకూ, రెండు చక్రాల ఒక టన్ను ట్రక్కుకూ చట్రం, ఇరుసు, బ్రేకులు దాదాపు ఒకటే. ట్రక్కుకు అనుమతించిన మొత్తం బరువు 10,000 పౌండ్లు దాటితే ప్రభుత్వ తరగతి మారుతుంది కనుక చాలా ముప్పావు టన్ను బండ్లకు అక్కడే ఆపి చీటీ అంటిస్తారు. వెనక స్ప్రింగులకు తోడుగా గాలి బుడగలు పెట్టించుకోండి, బండి సమంగా నిలుస్తుంది. నేను ఆరేళ్ళు అలాగే లాగాను.

శాన్ ఆంటోనియో గృహిణి

పాత స్టీరింగు గారూ, మీ మాటలో సగం నిజం ఉంది, ఆ సగమే ప్రమాదకరం. రామ్ 2500లో 2014 నుంచి వెనక కాయిల్ స్ప్రింగులు, 3500లో కమాన్ పట్టీలు. “దాదాపు ఒకటే” అన్నది అన్ని కంపెనీలకూ చెల్లదు. గాలి బుడగలు బండి వంపును సరిచేస్తాయి, టైరు మోసే బరువును పెంచవు. మా మొదటి ట్రక్కుకు మేమూ అవే పెట్టించాం. అంతకు ముందు వెనక్కు ఎంత కుంగేదంటే, రాత్రిళ్ళు ఎదురొచ్చే ప్రతి కారూ మాకు లైట్లు కొట్టేది. మా లైట్లు ఆకాశానికి ఎక్కుపెట్టి ఉన్నాయని మాకు మూడో రాత్రికి గాని తెలియలేదు. బుడగలు పెట్టాక లైట్లు దిగాయి. వేసవిలో ఆగిన ప్రతిచోటా వెనక టైరు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని, ఆ వేడి మాత్రం తగ్గలేదు. ఆ ఏడాదే అమ్మేసి డ్యూయలీ తీసుకున్నాం.

నేను రోజూ దాన్నే నడుపుతాను. బడికి, కూరగాయలకు, గుడికి. గుడి దగ్గర దూరంగా చివరి వరుసలో పెట్టి నడిచి వస్తాను. రెండు వారాల్లో అలవాటైంది.

ఇంకో రెండు సంగతులు ఎవరూ ఎత్తలేదు. ఒకటి ఇంజిను. డీజిల్ ఇంజినే బరువు. అదే ట్రక్కు పెట్రోలు ఇంజినుతో తీసుకుంటే మోసే సామర్థ్యం కొన్ని వందల పౌండ్లు ఎక్కువగా ఉంటుంది, ధర కూడా సుమారు పదివేల డాలర్లు తక్కువ. కానీ టర్బో లేని పెట్రోలు ఇంజిను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. డాలస్ నుంచి ఎల్లోస్టోన్ వెళ్ళే దారిలో రాటన్ కనుమే 7,834 అడుగులు. కొండలు ఏడాదికోసారి ఎక్కేవారికి పెట్రోలు చాలు. చిన్న చిన్న దూరాలకే వాడితే డీజిల్ పొగ వడపోత మూసుకుపోయి మరో ఖర్చు.

రెండోది లైసెన్సు. టెక్సాస్‌లో ట్రక్కు, ట్రైలర్ రెంటి గరిష్ఠ బరువులు కలిపి 26,000 దాటితే, ట్రైలర్ 10,000కు మించినదైతే, క్లాస్ ఏ లైసెన్సు కావాలి. వ్యాపార లైసెన్సు కాదు గానీ పరీక్ష ఉంటుంది. మీ ముప్పావు టన్ను 10,000తో కలిపితే 24,500, అవసరం లేదు. డ్యూయలీ 14,000తో కలిపితే 28,500. నేను ఆ పరీక్ష రాశాను. మా ట్రైలర్‌తోనే వెనక్కు నడిపి చూపించాను.

ఉత్తర డాలస్ నివాసి

చీటీ చూశాను. 2,140 పౌండ్లు. నాలుగేళ్ళుగా ఆ తలుపు తీస్తూనే ఉన్నాను, ఒక్కసారి చదవలేదు.

నిన్న కొక్కెం సామగ్రి తొట్టిలో వేసి, డీజిల్ నింపి, అమ్మానాన్నల బదులు బియ్యం బస్తాలు, నీళ్ళ డబ్బాలు పెట్టి కాటాకు వెళ్ళాను. 8,800 వచ్చింది. నా ట్రక్కుకు మొత్తం 10,000. మిగిలింది 1,200. పిన్ బరువు 2,900. ఒకసారి కాదు, కాగితం మీద నాలుగుసార్లు వేసి చూశాను.

దుకాణంవారికి ఇది చూపిస్తే “అందరూ ఇలాగే తీసుకెళ్తారు” అన్నారు. మా ఆవిడ అక్కడే బయానా వెనక్కి అడిగింది. వారం గడువు ఇచ్చారు.

కొలరాడో బాటసారి

వెంటనే ఒప్పుకోవలసిన మాట. మా ఇంట్లో ముగ్గురం, పాపకు పదేళ్ళు. మీరు ఐదుగురిలో నలుగురు పెద్దవాళ్ళు. నా ట్రక్కు నాకు సరిపోయింది కనుక మీకూ సరిపోతుందనడం తప్పు. ఒక టన్ను, రెండు చక్రాలది, పెట్రోలు ఇంజినుతో చూడండి. చీటీ మీద నాలుగు వేలకు పైన ఉన్నవి దొరుకుతాయి. అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకొకటి. మీది ఆరున్నర అడుగుల తొట్టి అన్నారు. మలుపు తిప్పేటప్పుడు ట్రైలర్ మూల వెనక అద్దాన్ని తగిలే ప్రమాదం ఉంది, జరిగే కొక్కెం కావాలి. ఎనిమిదడుగుల తొట్టిలో ఆ బాధ ఉండదు.

తుంగభద్ర తీరం

ట్రైలర్‌నే చిన్నది చేసుకోవడం మరో దారి. 8,500 పౌండ్లది, బంపరుకు తగిలించేది అయితే, పన్నెండు పదమూడు శాతం లెక్కన వెయ్యీ పదకొండు వందల మధ్య పడుతుంది. బరువు పంచే కొక్కెం మంచిది బిగించండి. ఇప్పుడున్న ట్రక్కే చాలు. బియ్యం, గ్రైండరు, కుక్కర్లు ట్రైలర్ ఇరుసుల పైన సర్దితే ఆ కాస్త వెసులుబాటు నిలుస్తుంది. మీ నాన్నగారు పెద్దగా నడవలేరన్నారు. ఫిఫ్త్ వీల్‌లో ముందు పడకగదికి మెట్లెక్కాలి. అది కూడా ఆలోచించండి.

ఆరు చక్రాల బండి

36 అడుగుల ఇంటికి మనసు పడ్డవారు చిన్నదానితో ఎన్నాళ్ళుంటారు? రెండేళ్ళకు మళ్ళీ మార్చి రెండుసార్లు నష్టపోయినవారిని చూశాను. ఒకేసారి సరైన ట్రక్కు కొనండి.

ఉత్తర డాలస్ నివాసి

ఒక టన్ను, రెండు చక్రాలు, పెట్రోలు, పొడవు తొట్టి ఉన్న ట్రక్కు ఒకటి దగ్గరలో ఉంది. అమ్మే ఆయన్ని తలుపు చీటీ ఫొటో తీసి పంపమన్నాను. 4,010. మా ఐదుగురు, కొక్కెం, సామాను కలిపి 940 తీసేస్తే 3,070. పిన్ 20 శాతమైతే 2,900, మిగిలేది 170. అదే 22 శాతమైతే 3,190, అంటే 120 పౌండ్లు ఎక్కువ. ముందు అర నింపితే ఆ రెండు శాతం ఎంతసేపు?

డ్యూయలీ చీటీ కూడా తెప్పించాను, 5,640. నాన్నతో ఫోన్లో మెట్ల సంగతి అడిగాను. “నాలుగు మెట్లేనా? ఎక్కుతాను, నువ్వు బండి గట్టిది చూడు” అన్నారు. శనివారం మా ఆవిడ డ్యూయలీ నడిపి చూస్తానంటోంది. తనకు కుదిరితే లైసెన్సు పరీక్షకు ఇద్దరం కలిసి చదువుతాం. శాన్ ఆంటోనియో గారూ, ఆ పరీక్షలో వెనక్కు నడపమన్నది నేరుగానా, మలుపులోనా? కాస్త వివరంగా రాయండి.

శాన్ ఆంటోనియో గృహిణి

నన్ను నేరుగా వెనక్కు నడపమన్నారు. మీకు ఏమి అడుగుతారో ముందే దరఖాస్తు ఇచ్చే చోట కనుక్కోండి. నడిపేటప్పుడు చెయ్యి స్టీరింగు కింది భాగంలో పెట్టమనండి. చెయ్యి ఎటు కదిలితే ట్రైలర్ వెనక భాగం అటు వెళ్తుంది. మీ ఆవిడకు ఇది ముందు ఖాళీ స్థలంలో, ఆదివారం పొద్దున్నే నేర్పండి. మీరు పక్కన కూర్చోండి, కానీ మాట్లాడకండి.