శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక్క రోజే ఉంది: జపనీస్ టీ గార్డెన్ పెట్టుకోవాలా, వదిలేయాలా?

ఫ్రీమాంట్ తెనాలి
అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి నెల దాటింది. లివర్‌మోర్ గుడి రెండుసార్లు, కాస్ట్‌కో లెక్కలేనన్ని సార్లు అయ్యాయి. వచ్చే శనివారం సిటీ చూపిద్దామని ప్లాన్. గోల్డెన్ గేట్ బ్రిడ్జి, పియర్ 39, లాంబార్డ్ వీధి వంకరలు ఎలాగూ తప్పవు. గోల్డెన్ గేట్ పార్కులో ఉన్న జపనీస్ టీ గార్డెన్ కూడా చేర్చమని మా ఆవిడ పట్టు. పార్కంతా ఉచితంగా తిరగొచ్చు కదా, అందులో ఐదెకరాల ముక్క కోసం నలుగురికి టికెట్లు కొనడం అవసరమా అని నా గోల. వెళ్ళొచ్చినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

పాత కాపు
వదిలేయండి. శనివారమైతే మరీను. ముప్పావు గంటలో తోట అయిపోతుంది, అందులో సగం ఫోటోల కోసం ఆగినవాళ్ళని తప్పించుకోవడానికే సరి. పైగా ఏదో ప్రాచీన జపాన్ తోట అనుకుంటారు అందరూ. 1894లో ఇక్కడ జరిగిన మిడ్‌వింటర్ ఎక్స్‌పొజిషన్ కోసం వేసిన 'జపనీస్ విలేజ్' అండీ అది. వేయించింది జార్జ్ టర్నర్ మార్ష్ అనే ఆస్ట్రేలియా మనిషి. తోటలోని ఆ ఎర్ర పగోడా (అంతస్తుల బౌద్ధ గోపురం) కూడా 1915లో జరిగిన ఇంకో ఎగ్జిబిషన్ నుంచి తెచ్చి పెట్టిందే. నాంపల్లి నుమాయిష్ అయిపోయాక ఒక స్టాల్ పీకడం మర్చిపోతే ఎలా ఉంటుందో అలాంటిది. జపాన్ రుచి చూపించాలంటే జపాన్‌టౌన్ తీసుకెళ్ళి వేడివేడి ఉడాన్ (రసంలో వేసిచ్చే లావు నూడుల్స్) తినిపించండి.

సన్‌సెట్ వాసి
పాత కాపు గారూ, కథ సగంలో ఆపేశారు. దాన్ని పీకకుండా నిలబెట్టింది మకోటో హగివారా అనే తోటమాలి, జపాన్ నుంచి వలస వచ్చినవాడు. ఎకరం ముక్కని ఐదెకరాల దాకా పెంచాడు. కుటుంబమంతా తోటలోనే కాపురం. ఆయన 1925లో పోయాక కూడా పిల్లలే చూసుకున్నారు. జపాన్‌తో యుద్ధం వచ్చి, 1942లో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్ళందరినీ, లక్షా ఇరవై వేల మంది దాకా, నిర్బంధ శిబిరాలకి తరలించినప్పుడు వీళ్ళనీ పంపేశారు. వాళ్ళ ఇల్లు కూల్చేశారు. పేరులోంచి 'జపనీస్' తీసేసి 'ఓరియంటల్ టీ గార్డెన్' అన్నారు. పాత పేరు 1952లో తిరిగొచ్చింది, కుటుంబం మాత్రం మళ్ళీ ఆ తోటలో కాపురం పెట్టలేదు.

వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని టెన్షన్ పడే మనకి ఇది మరీ పరాయి కథేం కాదు. నుమాయిష్ స్టాల్ అంటే మాత్రం ఒప్పుకోను.

కడియం అమ్మాయి
మా నాన్నది కడియంలో నర్సరీ. పోయినేడు తీసుకెళ్ళాను. గేటు దగ్గరే "మొక్కలు అమ్ముతారా?" అని అడిగారు. అమ్మరని తెలిసి కాస్త డీలా పడ్డారు. పగోడా ముందు నుంచి తల ఎత్తకుండా నడిచిపోయారు, బుద్ధుడికి దణ్ణం పెట్టారు, చెరువు పక్కన ఒక పైన్ చెట్టు దగ్గర ఆగిపోయారు.

ఎంతకీ కదలరు! దగ్గరికెళితే కొమ్మ మీద మానిపోయిన గాట్లు చూపించారు. ఒకటి పాతది, బెరడు పూర్తిగా మూసుకుపోయి బొడిపెలా ఉంది. ఇంకోటి నిన్నో మొన్నో కోసినట్టుంది, జిగురు ఇంకా ఆరలేదు. "చిగుళ్ళు చూడు, కత్తెర పెట్టలేదు, గోటితో గిల్లారు. కత్తెర తగిలితే ఆకుల కొసలు ఎర్రబడతాయి" అన్నారు. తర్వాత కాసేపాగి, "మనకి మొక్క పెరిగితేనే డబ్బు. వీళ్ళేమో పెరగకుండా చూసుకుంటూ వందేళ్ళు కూర్చున్నారు" అని నవ్వారు.

జలపాతం దగ్గర గుట్ట మీద హగివారా వాళ్ళ మరుగుజ్జు చెట్లున్నాయి. వాళ్ళు వెళ్ళిపోయాక అవి చేతులు మారి, ఒకావిడ వీలునామా ద్వారా 1960ల్లో తోటకి తిరిగొచ్చాయి. ఆ సంగతి చెబితే నాన్న అడిగింది ఒక్కటే. "మధ్యలో నీళ్ళెవరు పోశారు?"

అమ్మకి మాత్రం అస్సలు నచ్చలేదు. "అంతా నాచూ రాళ్ళూ. దేవుడికి పెట్టడానికి ఒక్క పువ్వు లేదు, దీనికి టికెట్టా!" అంది. కాబట్టి మీవాళ్ళు ఎలాంటివాళ్ళో చూసుకుని తీసుకెళ్ళండి.

చలి మనిషి
తోటలో ఉన్న వంపు వంతెన మీదికి పెద్దవాళ్ళని ఎక్కించకండి. అది నడిచే వంతెన కాదు, అడ్డపట్టీల మీద కాలు వేస్తూ నిచ్చెనలా ఎక్కాలి. అసలు దాని అందం కింద నుంచే. నీళ్ళలో నీడ కలిసి నిండు చక్రంలా కనిపిస్తుంది. జూలై అయినా స్వెటర్లు మర్చిపోవద్దు, పొగమంచుకి ఈ ఊళ్ళో 'కార్ల్' అని ముద్దుపేరు కూడా ఉంది. కారులో బ్యాగులు వదలకండి, సిటీలో ఇంకోచోట మా కారు అద్దం పగిలింది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 9 నుంచి 10 లోపు లోపలికి వెళితే టికెట్ లేదు, బయల్దేరే ముందు ఒకసారి వెబ్‌సైట్ చూసుకోండి.

మీవాళ్ళు శాకాహారులైతే ఉడాన్ జోలికి పోకండి. ఆ రసం మామూలుగా ఎండు చేపతోనే కాస్తారు.

పాత కాపు
చేప సంగతి ఒప్పుకుంటున్నా, చెంపలేసుకున్నా. హగివారా కథ కూడా బాగుంది. కానీ అడిగింది ఒక్క రోజు ప్లాన్ గురించి. రోజుకి ఆరు చోట్లు తిరిగేవాళ్ళకి గోటితో గిల్లిన చిగుళ్ళు కనిపిస్తాయా? టీతో ఇచ్చే ఫార్చ్యూన్ కుకీ (లోపల జోస్యం చీటీ ఉండే బిస్కెట్) విరిచి, చీటీ చదివి బయటికొస్తారు. ఆ కుకీ ఇక్కడే పుట్టిందన్నది కూడా సొంత డబ్బానే.

సన్‌సెట్ వాసి
దాని మీద లాస్ ఏంజెలెస్‌తో 1983లో ఉత్తుత్తి కోర్టులో వాదించి మరీ శాన్‌ఫ్రాన్సిస్కో గెలిచింది. కోర్టు పెట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలోనే అనుకోండి! అలాంటి చీటీ బిస్కెట్లు క్యోటోలో అంతకుముందే ఉన్నాయి. హగివారా వాటిని ఇక్కడ టీతో పాటు పెట్టాడు, అంతవరకే. ఆరు చోట్ల మాటకొస్తే, తగ్గించాల్సింది తోటని కాదు, లాంబార్డ్ వీధిని.

ఫ్రీమాంట్ తెనాలి
అందరికీ థాంక్స్. శుక్రవారం సెలవు పెట్టి తొమ్మిదింపావుకల్లా లోపల ఉన్నాం. లాంబార్డ్ ఎత్తేశాం. నాన్న రెండు ఫోటోలు దిగి బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో వార్తలు చదువుకున్నారు, పాత కాపు గారికి ఒక ఓటు. అమ్మకి ఇక్కడ చదివిన కథంతా చెప్పాను. వాళ్ళ ఇల్లు ఎక్కడుండేదని అడిగింది. పల్లంగా ఉన్న ఆ చిన్న తోట చూపించి ఇక్కడేనన్నాను. చాలాసేపు అటే చూసి, "వంటిల్లు ఏ వైపు ఉండేదో" అంది.

గంటా ఇరవై నిమిషాలు పట్టింది. పియర్ 39లో పార్కింగ్ కోసం తిరిగింది కూడా దాదాపు అంతే.